బిజినెస్ స్టూడెంట్స్‌కి నిజంగా పని రావాలంటే: కోర్సులో సర్వీస్ లెర్నింగ్ పెట్టే పద్ధతి

బీబీఏ, ఎంబీఏ పాఠాలు చెప్పే వాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. రేషియో అనాలిసిస్ గడగడా అప్పజెప్పే స్టూడెంట్ ముందు ఒక చిన్న సేవా సంస్థ వాళ్ళు బిల్లులు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ కలిపి పెట్టి "మా పరిస్థితేంటో కాస్త చూసి చెప్పు బాబూ" అంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీక ఆగిపోతాడు. తెలివి తక్కువై కాదు, కేస్ స్టడీలో కావాల్సిన అంకెలన్నీ ఎవరో ముందే ఏరి, సర్ది, పేజీ మీద పెట్టేసి ఉంటారు కాబట్టి ఏం అడగాలో తెలుసుకోవడం, సగం సమాచారంతోనే నిర్ణయం తీసుకోవడం, బిజినెస్ చదవని మనిషికి అర్థమయ్యేలా చెప్పడం, ఈ మూడూ వాడికి ఎప్పుడూ చేతికి రాలేదు. ఈ మూడింటికీ నేను చూసినంతలో సర్వీస్ లెర్నింగ్ అంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు. కాకపోతే కోర్సుకి దాన్ని సరిగ్గా కట్టాలి, లేకపోతే అది నాలుగు ఫోటోలు దిగి సర్టిఫికెట్ తీసుకునే కార్యక్రమం అయిపోతుంది, ఆ సంస్థకీ టైం వేస్ట్, స్టూడెంట్‌కీ వేస్ట్.

ముందు ఇదేంటో రెండు ముక్కల్లో. కోర్సులో నేర్చుకునేదాన్ని సమాజంలో నిజంగా ఉన్న ఒక అవసరం మీద వాడి, ఆ అనుభవం మీద కూర్చుని ఆలోచించి రాసి, దానికి మార్కులు తెచ్చుకోవడం. అమెరికాలో 1967 ప్రాంతంలో రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సే ఈ పేరు వాడకంలోకి తెచ్చారు, వెనకాల ఉన్న ఆలోచన మాత్రం అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ కాలం నుంచీ ఉన్నదే. వాలంటీరింగ్‌లో లాభం ఎక్కువగా అవతలి వాళ్ళది, ఇంటర్న్‌షిప్‌లో ఎక్కువగా స్టూడెంట్‌ది, ఇందులో ఇద్దరికీ సమానంగా ఉండాలి, ఆండ్రూ ఫర్కో అనే పరిశోధకుడు 1996లో గీసిన గీత ఇదే. నేను కోర్సు ప్లాన్ చేసేటప్పుడు ప్రతి పనినీ ఈ గీత మీద పెట్టి చూస్తాను, ఒక పక్కకి ఒరిగిందంటే ఆ పని మార్చేస్తాను.

ముందు స్కిల్, తర్వాతే సంస్థ

చాలామంది తెలిసిన సంస్థకి ఫోన్ కొట్టి "మా పిల్లల్ని పంపిస్తాం, ఏదైనా పని ఇవ్వండి" అంటారు. అలా మొదలెడితే కుర్చీలు సర్దడం, పాంప్లెట్లు పంచడం దగ్గరే ఆగిపోతుంది. మీ సిలబస్ తీసుకోండి, అందులోంచి రెండే రెండు స్కిల్స్, మరీ అయితే మూడు, ఎంచుకోండి. "లీడర్‌షిప్", "కమ్యూనికేషన్" అని రాస్తే కుదరదు, అవి చూసి కొలవలేం. "కలగాపులగంగా ఉన్న లావాదేవీల్ని పద్దుల వారీగా విడదీసి నెల రిపోర్ట్ తయారుచెయ్యగలగాలి", "అవతలి మనిషిని ఇంటర్వ్యూ చేసి సమస్యని ఒక పేరాలో రాయగలగాలి", ఇలా చేసి చూపించగలిగేలా రాయండి.

ఆ తర్వాత ఏ కోర్సుకి ఏ పని సరిపోతుందో దానంతటదే తేలుతుంది. అకౌంటింగ్ అయితే పద్దుల పుస్తకం, బడ్జెట్, క్యాష్ ఫ్లో అంచనా. మార్కెటింగ్ అయితే దాతలు ఎందుకిస్తున్నారో ఎందుకు ఆపేస్తున్నారో సర్వే చేసి, వాళ్ళకి పంపే ఉత్తరాలు తిరగరాయడం. ఆపరేషన్స్‌లో స్టాక్ గది, ఏది ముందు ఎక్స్‌పైర్ అవుతుందో అది ముందు బయటికెళ్ళేలా అరలు సర్ది రిజిస్టర్ పెట్టడం. హెచ్ఆర్‌లో వాలంటీర్ల డ్యూటీ చార్ట్, ఎవరి పని ఏంటో రాసిన కాగితం. అనలిటిక్స్ వాళ్ళకి దాతల లిస్టులో ఒకే మనిషి మూడు స్పెల్లింగుల్లో ఉన్న ఎంట్రీలు ఏరి కలపడం, ఇది వినడానికి చిన్న పనే కానీ డేటా క్లీనింగ్ అంటే ఏంటో దీన్ని మించి నేర్పే అసైన్‌మెంట్ ఉండదు.

తీసుకోకూడని పనులు కూడా ఉన్నాయి. అయిదేళ్ళ స్ట్రాటజిక్ ప్లాన్ వద్దు, సెమిస్టర్ చదివిన పిల్లలు పదేళ్ళుగా సంస్థ నడుపుతున్న వాళ్ళకి అది రాసివ్వలేరు. తర్వాత ఎవరూ అప్‌డేట్ చెయ్యలేని వెబ్‌సైటో యాపో వద్దు. లైసెన్స్ ఉన్న ప్రొఫెషనల్ సంతకం పెట్టాల్సిన ఆడిట్, చట్టపరమైన ఫైలింగ్ లాంటివి వద్దు. సెమిస్టర్ మధ్యలో టీం చేతులెత్తేస్తే సంస్థ పని ఆగిపోయే లాంటిది ఏదీ ముట్టుకోవద్దు.

నా లెక్కలో మొత్తం ప్రాజెక్టుకి ఒకటే పరీక్ష: స్టూడెంట్స్ వెళ్ళిపోయిన తర్వాత సోమవారం పొద్దున వాళ్ళు చేసిపెట్టింది ఆ సంస్థలో ఎవరు తెరుస్తారు? తెరిచే మనిషి పేరు చెప్పగలిగితే ఆ ప్రాజెక్టు ముందుకెళ్ళాలి, చెప్పలేకపోతే ఎంత అందంగా ఉన్నా ఆపెయ్యాలి. ఎందుకంటే స్కిల్ పెరిగేది ఆ తెరిచే మనిషికి సరిపడేలా పని చెయ్యడంలోనే, ప్రొఫెసర్‌ని మెప్పించే రిపోర్ట్ రాయడం వాళ్ళకి ఎలాగూ వచ్చు.

సంస్థతో మాట్లాడటం

"మీకేం హెల్ప్ కావాలి" అని అడిగితే మర్యాదకి ఏదో ఒకటి చెప్తారు. "పోయిన నెలలో చెయ్యాలనుకుని టైం లేక పక్కన పెట్టేసిన పని ఏంటండీ?" అని అడగండి, అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. "ఏ పనికి ఒక్కరి మీదే ఆధారపడాల్సి వస్తోంది?" అనేది ఇంకో మంచి ప్రశ్న, చిన్న సంస్థల్లో లెక్కలన్నీ ఒకరి బుర్రలోనే ఉంటాయి, ఆ మనిషి సెలవు పెడితే అందరూ ఆగిపోతారు, అలాంటి చోట స్టూడెంట్స్ నిజంగా ఉపయోగపడతారు.

మనం ఫ్రీగా పని చేసిపెడుతున్నాం అనుకుంటాం కానీ వాళ్ళకి అది ఫ్రీ కాదు, పిల్లలకి చెప్పడానికి, వాళ్ళ ప్రశ్నలకి జవాబివ్వడానికి అక్కడ ఒకరి టైం పోతుంది. అందుకే వారానికి ఒక గంట కచ్చితంగా ఇవ్వగలిగే ఒక మనిషి ఉన్నారా లేదా ముందే అడగండి. లేకపోతే ఆ సంస్థ ఎంత మంచిదైనా ఈ సెమిస్టర్‌కి వద్దు. నలభై మందికి పది సంస్థలు వెతకడం కన్నా రెండు మూడు సంస్థల్ని పట్టుకుని ఏళ్ళ తరబడి ఉండటం చాలా మేలు, పోయిన బ్యాచ్ పెట్టిన సిస్టమ్‌ని ఈ బ్యాచ్ సరిచేస్తుంది, సంస్థ వాళ్ళకీ మన మీద నమ్మకం కుదురుతుంది.

మాట కుదిరాక ఒక పేజీ ఒప్పందం రాసుకోండి, ఒక పేజీ దాటొద్దు. ఏం చేసిస్తాం, ఏం చెయ్యం, ఎప్పటికి, రెండు వైపులా ఎవరితో మాట్లాడాలి, డేటా సంగతేంటి. ఆఖరిది గట్టిగా పట్టుకోవాలి. సాయం పొందే వాళ్ళ పేర్లు, ఆరోగ్య వివరాలు, దాతల ఫోన్ నంబర్లు స్టూడెంట్స్ సొంత ఫోన్లలోకీ వాట్సాప్ గ్రూపుల్లోకీ రాకూడదు. కుదిరినంత వరకు పేర్లు తీసేసి నంబర్లతో ఇమ్మనండి, సెమిస్టర్ అయ్యాక కాపీలన్నీ డిలీట్ చేశామని టీం రాసివ్వాలి. అక్కడి వాళ్ళ ఫోటోలు అడక్కుండా తియ్యకూడదు, ప్రెజెంటేషన్‌లో పెట్టకూడదు.

పదిహేను వారాలు ఎలా పంచుకోవాలి

టీంకి నలుగురు, మహా అయితే అయిదుగురు. అంతకు మించితే ఇద్దరు పని చేస్తారు, మిగతావాళ్ళు స్లైడ్లు చేస్తారు. ఒక్కొక్కరికి సంస్థ పని మీద ఇరవై గంటల దాకా అనుకోండి.

మొదటి రెండు వారాలు బయటికి పంపొద్దు. సంస్థ గురించి చదవాలి, ఇంటర్వ్యూ ప్రశ్నలు రాసుకుని క్లాసులో ఒకళ్ళనొకళ్ళు అడిగి ప్రాక్టీస్ చెయ్యాలి. ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి, అక్కడికి మనం ఉద్ధరించడానికి వెళ్ళట్లేదు, వాళ్ళ పని వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు, మన దగ్గర ఉన్నది ఒక చిన్న టూల్ మాత్రమే. ఇది చెప్పకుండా పంపితే మొదటి మీటింగులోనే "మీరు ఇన్నాళ్ళూ ఎక్సెల్ ఎందుకు వాడలేదు?" అని అడిగేస్తారు, అవతలి వాళ్ళ మనసు విరిగిపోతుంది, దాన్ని మళ్ళీ అతకడానికి సెమిస్టర్ చాలదు.

మూడో వారం మొదటి విజిట్. ఆ రోజు సలహాలు ఇవ్వడం నిషేధం, చూడ్డం, అడగడం, రాసుకోవడం అంతే. అయిదో వారానికల్లా సమస్య ఏంటో ఒక పేరాలో రాసి సంస్థ వాళ్ళకి చదివి వినిపించాలి. వాళ్ళు "అవును, ఇదే" అనేదాకా పని మొదలుపెట్టనివ్వొద్దు, రెండు మూడుసార్లు తిరగరాయాల్సి వస్తుంది, రాయనివ్వండి, మొత్తం కోర్సులో ఎక్కువ నేర్చుకునేది ఈ తిరగరాతల్లోనే. ఆరు నుంచి పది దాకా పని, మధ్యలో ఎనిమిదో వారం సగం పూర్తయిన దాన్నే తీసుకెళ్ళి చూపించడం. సగం పని చూపించడానికి పిల్లలకి సిగ్గు, పూర్తయ్యాక చూపిస్తామంటారు, ఒప్పుకోవద్దు. పదకొండు, పన్నెండు వారాల్లో సంస్థ మనిషి తనే సొంతంగా వాడి చూడాలి, స్టూడెంట్స్ పక్కన కూర్చుని చేతులు కట్టుకుని చూడాలి, మౌస్ ముట్టుకోకూడదు. ఎక్కడ తడబడ్డారో అక్కడ ఫైల్ మార్చాలి, మనిషిని కాదు. పదమూడో వారం అప్పగింత, మిగతా రెండు వారాలు క్లాసులో ప్రెజెంటేషన్, ఆఖరి రిఫ్లెక్షన్.

ఒక ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం

పిల్లల చదువుకి సాయం చేసే ఒక చిన్న సంస్థ, అకౌంటింగ్ టీం వెళ్ళింది అనుకోండి. లెక్కలు చూసుకునే మేడం "బ్యాంకులో నాలుగు లక్షలున్నాయి, నెలకి డెబ్భై అయిదు వేలు ఖర్చు, అయిదు నెలలు ఢోకా లేదు" అన్నారు. స్టూడెంట్స్ ఎక్సెల్ తెరిచి 4,00,000ని 75,000తో భాగించి 5.3 నెలలు అని రాసుకున్నారు, క్లాసు పరీక్షలో అయితే ఇక్కడితో ఫుల్ మార్కులు.

కానీ రసీదు పుస్తకం పేజీలు తిప్పుతుంటే ఒకమ్మాయికి డౌట్ వచ్చింది.

"మేడం, ఈ రెండున్నర లక్షల రసీదు మీద లైబ్రరీ గదికి అని రాసుందండీ, ఇది జీతాలకి వాడొచ్చా?"

"లేదమ్మా, ఆయన గది కట్టడానికే ఇచ్చారు. అది ముట్టుకోకూడదు."

"ఇంకా ఇలాంటివి ఉన్నాయా అండీ?"

"వచ్చే ఏడాది పుస్తకాలకని ఒకావిడ అరవై వేలు ముందే ఇచ్చారు. అది ఎక్కడా రాయలేదు, నాకు గుర్తుంది."

ఇప్పుడు లెక్క మళ్ళీ వెయ్యండి. 4,00,000లోంచి 2,50,000, 60,000 తీసేస్తే చేతిలో నిజంగా ఉన్నది 90,000. నెలకి 75,000 ఖర్చంటే అది నెలా పది రోజులు కూడా రాదు. ఒక ప్రత్యేక పనికే అని ఇచ్చిన డబ్బుని విడిగా చూపించడం అనేది లాభాపేక్ష లేని సంస్థల అకౌంటింగ్‌లో ప్రాథమిక సూత్రం, టెక్స్ట్‌బుక్‌లో ఒక చాప్టర్‌లో ఉంటుంది, చదివిన వాళ్ళు పరీక్షయ్యాక మర్చిపోతారు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి మొహంలో అయిదు నెలల ధీమా కాస్తా నెల రోజుల కంగారుగా మారడం చూసిన స్టూడెంట్ దాన్ని ఉద్యోగంలో చేరాక కూడా మర్చిపోడు. పైగా ఆ వార్త ఎలా చెప్పాలి అనేది ఇంకో స్కిల్, "మీ లెక్క తప్పు" అని కాకుండా "మీ మనసులో ఉన్నది పుస్తకంలోకి ఎక్కిద్దాం మేడం" అని చెప్పడం.

ఇక టీం చేసిచ్చేది ఏంటి? పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రసీదు పుస్తకంలో "దేనికోసం" అని ఒక గడి, ఒక షీట్‌లో మూడు కాలమ్స్, మొత్తం, కేటాయించినది, వాడుకోగలిగినది, దాని కింద రాబోయే పదమూడు వారాలకి వచ్చేది పోయేది. మేడం ప్రతి సోమవారం పది నిమిషాల్లో నింపగలిగేలా ఉండాలి. మొదటిసారి ఆరు కలర్లతో, పివట్ టేబుల్స్‌తో చేసుకొస్తారు, ఆవిడ ఒకసారి చూసి పక్కన పెడతారు, అప్పుడు పిల్లలకే అర్థమవుతుంది ఏం తీసెయ్యాలో.

రిఫ్లెక్షన్ లేకపోతే ఇదంతా ఉత్త పనే

డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన నాలుగు మెట్లు చాలామందికి తెలిసే ఉంటాయి, అనుభవం, దాని మీద ఆలోచన, దాన్నుంచి ఒక సూత్రం, ఆ సూత్రాన్ని మళ్ళీ వాడి చూడటం. మన కోర్సుల్లో మొదటి మెట్టు ఎక్కించి దింపేస్తాం. "ఈ ప్రాజెక్ట్ వల్ల చాలా నేర్చుకున్నాను, టీంవర్క్ విలువ తెలిసింది" అని రాస్తే అది రిఫ్లెక్షన్ కాదు, దానికి మార్కులు వెయ్యొద్దు.

సారా యాష్, ప్యాటీ క్లేటన్ తయారుచేసిన డీల్ (DEAL: Describe, Examine, Articulate Learning) పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. ముందు జరిగింది ఉన్నదున్నట్టు వర్ణించాలి, తర్వాత దాన్ని కోర్సు వైపు నుంచి, సమాజం వైపు నుంచి, తన వైపు నుంచి పరిశీలించాలి, చివర్లో ఏం నేర్చుకున్నానో, ఎలా నేర్చుకున్నానో, అది ఎందుకు ముఖ్యమో, ఇక ముందు ఏం చేస్తానో తేల్చి రాయాలి. పై ఉదాహరణలోని అమ్మాయి రాస్తే ఇలా ఉండాలి: "నేను బ్యాంక్ బ్యాలెన్స్‌నే చేతిలో ఉన్న డబ్బు అనుకున్నాను. రసీదు మీద చేతిరాత చూశాకే అడిగాను, చూడకపోతే అడిగేదాన్నే కాదు. ఇక మీదట ఏ అంకె చూసినా దీని మీద ఎవరికైనా ముందే హక్కుందా అని మొదటి మీటింగులోనే అడుగుతాను." మూడు వాక్యాలే, కానీ స్కిల్ ఎక్కడ పుట్టిందో కనిపిస్తోంది.

సెమిస్టర్‌లో మూడుసార్లు రాయించండి, మొదటి విజిట్ తర్వాత, సగం పని చూపించాక, అప్పగించాక. ప్రతిదాని మీదా మీరు రెండు లైన్లయినా ప్రశ్న రూపంలో రాసివ్వండి, "అప్పుడు ఎందుకలా అనుకున్నావ్?" అని. దీనికి టైం పడుతుంది, నిజమే, కానీ ఈ పని మీరు చెయ్యకపోతే రెండో రిఫ్లెక్షన్ మొదటిదానికన్నా బాగా రాదు. రాయడం కష్టమయ్యే పిల్లలుంటే పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడించినా చాలు.

మార్కులు, కొలత

గంటలకి మార్కులు వెయ్యకూడదు, సేవ చేసినందుకు కాదు క్రెడిట్, దాన్నుంచి నేర్చుకున్నందుకు. నేనైతే వందలో ముప్పై అప్పగించిన పనికి, ముప్పై రిఫ్లెక్షన్లకి, ఇరవై సమస్య రాసిన తీరుకీ మధ్యలో చేసుకున్న మార్పులకీ, పది సంస్థ వాళ్ళ అభిప్రాయానికి, పది టీం మేట్స్ ఇచ్చేదానికి. సంస్థ వాళ్ళ చేతిలో పది కన్నా ఎక్కువ పెట్టొద్దు, వాళ్ళు మొహమాటంతో అందరికీ పదికి పది వేసేస్తారు, అందుకే వాళ్ళని అంకె కాకుండా "ఇందులో మీరు నిజంగా ఏం వాడుతున్నారు, ఏం వాడట్లేదు?" అని అడిగి ఆ జవాబుని మీరే మార్కుగా మార్చుకోండి.

స్కిల్ పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? "మీ కాన్ఫిడెన్స్ పెరిగిందా?" అనే సర్వే పెడితే అందరూ పెరిగిందనే అంటారు. దానికన్నా మొదటి వారం ఒక కల్పిత సంస్థ గురించి అరకొర వివరాలున్న ఒక పేజీ ఇచ్చి, అరగంటలో వాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు రాయమనండి. పద్నాలుగో వారం అలాంటిదే ఇంకో పేజీ ఇవ్వండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో "మీ విజన్ ఏంటి" లాంటి ప్రశ్నలుంటాయి, రెండోదాంట్లో "ఈ రిజిస్టర్ ఎవరు రాస్తారు, ఎప్పుడు రాస్తారు, వాళ్ళు రాకపోతే ఎవరు?" లాంటివి కనపడాలి. కనపడకపోతే ప్రాజెక్టు ఎక్కడో లూజుగా ఉన్నట్టే. ఆ కాగితాలే స్టూడెంట్‌కి ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి కూడా పనికొస్తాయి.

హెచ్ఓడీనో డీన్‌నో ఒప్పించాల్సి వస్తే ఈ కాగితాలతో పాటు ఇంకో మాట కూడా వాడుకోవచ్చు, బిజినెస్ స్కూళ్ళకి అక్రెడిటేషన్ ఇచ్చే ఏఏసీఎస్‌బీ 2020 స్టాండర్డ్స్‌లో సమాజం మీద స్కూల్ ప్రభావం అనేది ఒక ప్రత్యేక స్టాండర్డ్‌గా ఉంది. ఐక్యరాజ్యసమితి మద్దతుతో 2007లో మొదలైన పీఆర్ఎంఈ (బాధ్యతాయుత మేనేజ్‌మెంట్ విద్య) సూత్రాలు కూడా ఇదే దారి.

మధ్యలో తేడా కొడితే

సంస్థలో మన మనిషి ఉద్యోగం మానేస్తే రెండో కాంటాక్ట్ ఒప్పందంలో ముందే ఉండాలి. టీంలో ఒకరు పని చెయ్యకపోతే చివరిదాకా ఆగొద్దు, ఆరో వారంలోనే టీం మేట్స్ చేత ఎవరేం చేశారో రాయించండి, అప్పుడైతే సరిదిద్దుకునే టైం ఉంటుంది. స్టూడెంట్స్‌లో పార్ట్‌టైం ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఇంట్లో బాధ్యతలున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఆఫీసు టైంలో విజిట్లు కుదరవు, ఫోన్ ఇంటర్వ్యూలు, డేటా పని, డాక్యుమెంట్ రాయడం వాళ్ళకివ్వండి, స్కిల్ అందులోనూ వస్తుంది. ఇక సంస్థ వాళ్ళు మెల్లగా పని పెంచుకుంటూ పోతే స్టూడెంట్స్ కాదనలేరు, ఆ మాట మీరే ఫోన్ చేసి చెప్పాలి, అది మీ పని.

అప్పగింత

ఆఖరి రోజు ఇవ్వాల్సింది మూడు: వాడుకునే ఫైల్, అది ఎలా వాడాలో ఒక పేజీ సంస్థ వాళ్ళ భాషలో, పాస్‌వర్డ్‌లు లింకులు ఎవరి పేరు మీదున్నాయో లిస్ట్. స్టూడెంట్ సొంత మెయిల్ ఐడీ మీద ఏ షీటూ మిగలకూడదు, వాడు డిగ్రీ అయి వెళ్ళిపోయాక సంస్థ తన లెక్కల్లోకి తానే వెళ్ళలేని పరిస్థితి వస్తుంది. వచ్చే బ్యాచ్ కోసం ఇంకో పేజీ మీ దగ్గర పెట్టుకోండి, ఏం పూర్తయింది, ఏం మిగిలింది, సంస్థ వాళ్ళకి ఏ టైంలో ఫోన్ చేస్తే దొరుకుతారు. సెమిస్టర్ అయిన రెండు నెలలకి మీరే ఒకసారి ఫోన్ చేసి ఆ షీట్ ఇంకా నింపుతున్నారా అని అడగండి. నింపట్లేదంటే ఎందుకో కనుక్కోండి, వచ్చే బ్యాచ్‌కి మొదటి అసైన్‌మెంట్ అదే ఇవ్వండి.